వెనక కొట్టానికి కరెంటు: ఒకే జాగలో రెండు కట్టడాల మధ్య తీగ లాగేటప్పుడు

(హనుమకొండలో ఇల్లు కట్టుకునేవాళ్లను, వైరింగు పనివాళ్లను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ పూట మాట్లాడుకునేది ఇంటి లోపలి వైరింగు గురించి కాదు. ఇల్లు ముందుంటుంది, దాని మీటరు అక్కడే ఉంటుంది. వెనక అదే జాగలో ఇంకో కట్టడం ఉంటుంది. పశువుల కొట్టమో, బోరు గదో, కిరాయికిచ్చే రెండు గదులో, రేకుల షెడ్డో. ముందు నుంచి వెనక్కి కరెంటు తీసుకుపోవాలి. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లల్లో ఈ పని చాలా ఇళ్లల్లో జరుగుతుంది. చాలాచోట్ల ఒక కాయిల్ వైరు కొని, వేపచెట్టు మీదుగా లాగి, అవతల హోల్డరు బిగించి, లైటు వెలగగానే పని అయిపోయిందంటారు. లైటు వెలగడానికి రెండు తీగలు చాలు: కరెంటు తెచ్చే ఫేజు, దాన్ని వెనక్కి తీసుకుపోయే న్యూట్రల్. అవతల ఏదన్నా పాడైన రోజు కరెంటు ఏ దారిన వెనక్కి రావాలి, ఎంతసేపట్లో ఆగిపోవాలి అన్నది మాత్రం ఎవరూ ఆలోచించరు. నా మాటంతా దాని గురించే.

ముందుగా దండెం సంగతి చెప్తాను, ఎందుకంటే మన దగ్గర వానాకాలంలో ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇక్కడే. వెనక గదికి సర్వీసు వైరు గాలిలో లాగినప్పుడు బరువు ఆగడానికి జీఐ తీగ, అంటే జింకు పూత పూసిన ఇనుప తీగ కడతారు. ఆ జీఐ తీగ ఒక కొస ఇంటి కొక్కేనికి, ఇంకో కొస రేకుల షెడ్డు ఇనుప పైపుకి. బట్టలారేసే దండెం కూడా ఇనుప తీగే, దాని కొస కూడా అదే పైపుకి. రెండు మూడు ఎండాకాలాలు పోయేసరికి సర్వీసు వైరు తొడుగు పెళుసెక్కుతుంది. గాలికి ఊగుతూ జీఐ తీగ మీద రాసుకుంటుంది. మన ఊళ్లల్లో కోతులు ఆ తీగల మీద ఊగే ఊగుడు మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకచోట తొడుగు చిట్లి ఫేజు తీగ జీఐ తీగను తాకుతుంది. ఎండగా ఉన్నన్నాళ్లూ ఏమీ తెలియదు. ముసురు పట్టిన రోజు తడి బట్ట పట్టుకుని, తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడి దండెం మీద చెయ్యి వేస్తారు. కాపాడటానికి పరుగెత్తిన రెండో మనిషి కూడా అక్కడే పడిపోతాడు. అట్లాంటప్పుడు మనిషిని ముట్టుకోకముందే మెయిన్ ఆపాలి. మెయిన్ దూరంగా ఉంటే పొడి కర్రతో తీగను పక్కకు నెట్టాలి.

కాబట్టి మూడు పనులు ఇయ్యాలే చెయ్యండి, వీటికి పెద్ద ఖర్చు లేదు. దండేనికి నైలాన్ తాడు కట్టండి. బరువు మోసే ఆ జీఐ తీగ రెండు కొసల్లో కరెంటును ఆపే పింగాణీ గుడ్డు ఇన్సులేటర్ వేయండి, దాన్ని రేకులకీ ఇనుప స్తంభానికీ నేరుగా చుట్టొద్దు. దండెం కట్టే పైపు వేరు, కరెంటు తీగ కట్టే పైపు వేరు కావాలి.

ఇక అసలు పని. నన్నడిగితే రెండు కట్టడాల మధ్య తీగ భూమిలోంచి పోవాలి. గాలిలో లాగితే ఎత్తు కావాలి. తొడుగున్న తీగకైనా నాలుగు మీటర్లు దిగకూడదు. వాకిట్లోంచి గడ్డి లోడు ట్రాక్టరో, హార్వెస్టరో వచ్చే దారైతే వీధి దాటే తీగకు పెట్టిన 5.8 మీటర్లే పాటించడం మంచిది. అంత ఎత్తు స్తంభం వేసే ఖర్చుతో కందకం తవ్వొచ్చు. మే నెల ఈదురుగాలులకు కొమ్మ విరిగి తీగ మీద పడే బాధ కూడా ఉండదు.

లెక్క లేకుండా కేబుల్ కొనొద్దు. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంటి నుంచి కొట్టం 60 మీటర్లు, అంటే సుమారు 200 అడుగులు. అక్కడ 1 హెచ్‌పీ నీళ్ల మోటారు, 2 హెచ్‌పీ గడ్డి కోసే మిషను, నాలుగు లైట్లు, ఒక ప్లగ్గు. అన్నీ కలిపి 20 ఆంపియర్ల చిల్లర అనుకోండి. షాపులో ఇంటికి వాడే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఇస్తారు. అది అంత కరెంటు మోస్తుంది, నిజమే. వేడెక్కదు కూడా. కానీ 60 మీటర్లు పోవాలి, 60 మీటర్లు రావాలి, మొత్తం 120 మీటర్ల తీగ. ఆ సైజు రాగికి కిలోమీటరుకి 7.41 ఓంలు, అంటే 120 మీటర్లకు 0.89 ఓం. ఇరవై ఆంపియర్లకు సుమారు 18 వోల్టులు దారిలోనే పోతాయి. 230లో అది దాదాపు ఎనిమిది శాతం. లైట్లకు మూడు, మిగతావాటికి అయిదు శాతం దాటొద్దని లెక్క.

మోటారు స్టార్టయ్యేటప్పుడు ఇంకా దారుణం. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారు నడిచేటప్పుడు 12 ఆంపియర్లు తీసుకుంటే, లేచేటప్పుడు దానికి అయిదు రెట్లు లాగుతుంది. ఆ సన్న తీగలో 30 వోల్టుల పైనే పడిపోతుంది. సాయంత్రం పూట లైన్లోనే 200 వోల్టులు ఉన్నాయనుకోండి, మోటారు దగ్గరికి 170 చేరుతుంది. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి తగ్గుతుంది. 170కి వచ్చేసరికి మామూలు బలంలో సగం కంటే కాస్త ఎక్కువ మిగులుతుంది, అంతే. గడ్డి ఇరుక్కున్న మిషను లేవదు, గూ అని మోగుతూ నిలబడుతుంది, వైండింగు కాలిపోతుంది. జనం మోటారు కంపెనీని తిడతారు. తప్పు తీగది.

సన్న తీగతో ఇంకో ముప్పు ఉంది, దీన్ని పనివాళ్లు కూడా పట్టించుకోరు. ఆ కొసన ఫేజూ న్యూట్రలూ కలిసి షార్టయితే ఎంత కరెంటు వస్తుంది? తీగ 0.89 ఓం, వీధి లైనూ సర్వీసు వైరూ కలిపి ఇంకో అర ఓం వేసుకోండి. 230ని 1.39తో భాగిస్తే 165 ఆంపియర్లు. ఇంట్లో పెట్టింది సీ25 ఎంసీబీ అనుకుందాం, అంటే 25 ఆంపియర్ల సైజుది, కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయి లైను ఆపే స్విచ్చు. సీ రకం ఎంసీబీ తక్షణం పడాలంటే దాని సైజుకి పది రెట్ల దాకా కావాలి, అంటే 250 ఆంపియర్లు. 165కి అది తక్షణం పడుతుందన్న భరోసా లేదు, కొన్ని సెకన్లు తీసుకోవచ్చు. ఆ కొన్ని సెకన్లలో తీగ తొడుగు పాడయ్యేంత వేడెక్కొచ్చు. పక్కన వరిగడ్డి వాము ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అదే 16 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం ఆర్మర్డ్ కేబుల్ వేస్తే కిలోమీటరుకి 1.91 ఓంలు, మన 120 మీటర్లకు 0.23 ఓం. ఇరవై ఆంపియర్లకు 4.6 వోల్టులు పోతాయి, కేబుల్ వేడెక్కాక ఇంకో వోల్టు వేసుకోండి. షార్టయితే 300 ఆంపియర్ల చిల్లర వస్తుంది, సీ25 టక్కున పడుతుంది. 10 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం కూడా పనిచేస్తుంది, 7 నుంచి 9 వోల్టులు పోతాయి. కానీ రేపు ఇంకో మోటారు పెడతారు, పెట్టకుండా ఉండరు. కందకం రెండోసారి తవ్వే కూలీ కంటే ఒక సైజు పెద్ద కేబులే చవక. లోపల మూడు కోర్లు, అంటే మూడు తీగలు ఉన్నది తీసుకోండి: ఒకటి ఫేజు, ఒకటి న్యూట్రల్, మూడోది ఎర్తు, అంటే ఇనుప బాడీల్లోకి దిగిన కరెంటును నేలకు తీసుకుపోయేది. పదహారు స్క్వేర్ ఎంఎం దాకా ఎర్తు తీగ ఫేజు సైజే ఉండాలి. కేబుల్ చుట్టూ ఉన్న ఇనుప తీగల ఆర్మరింగు ఉంది కదా, అదే ఎర్తుగా వాడుకుందాం అనేవాళ్లున్నారు. దాన్ని రెండు కొసల్లో గ్లాండుతో, అంటే కేబుల్ కొసను బాక్సుకు పట్టి ఉంచే బిగింపుతో బిగించి ఎర్తుకు కలపాల్సిందే, కానీ ఒక్క దాని మీదే ఆధారపడొద్దు. తేమకు గ్లాండు దగ్గర తుప్పు పడితే ఎర్తు పోయిందని మీకు చెప్పేవాళ్లుండరు.

కందకం 75 సెంటీమీటర్ల లోతు, ట్రాక్టర్ దారి దాటేచోట మీటరు, అక్కడ పైపులోంచి పోనియ్యాలి. అడుగున మూడంగుళాల ఇసుక, దాని మీద కేబుల్, మళ్లీ మూడంగుళాల ఇసుక, ఇటుకలు వరసగా, పైన హెచ్చరిక టేపు, ఆ తర్వాతే మట్టి. చెల్క నేలల్లో రాయి తగులుతుంది, రాయి మొన కేబుల్‌కి ఆనకుండా ఇసుక మందం పెంచండి. నల్లరేగడిలో ఎండాకాలం నేల నెర్రెలిచ్చి కేబుల్‌ను లాగుతుంది, అందుకని బిగుతుగా పరచొద్దు, పాములా కాస్త వంకరగా వేసి రెండు కొసల్లో ఒక్కో చుట్టు మిగలనియ్యండి. కందకం మధ్యలో జాయింటు పెట్టొద్దు. రెండు ముక్కలు మెలేసి టేపు చుట్టి పూడ్చినవి మొదటి వానకే నీళ్లు తాగుతాయి. అల్యూమినియం కోరును రాగి తీగతో నేరుగా మెలెయ్యొద్దు, బైమెటల్ లగ్గు, అంటే ఒకవైపు అల్యూమినియం ఇంకోవైపు రాగి ఉన్న తొడుగు వేసి, పనిముట్టుతో నొక్కి (క్రింపింగు చేసి) బిగించాలి. లేకపోతే అల్యూమినియం మీద పొర కట్టి జాయింటు వేడెక్కి బాక్సు కాలిపోతుంది.

ఇప్పుడు ఎర్తు. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే పొరబడతారు. ఎర్తు గుంత తవ్వి, ఉప్పూ బొగ్గూ వేస్తే ఇక షాకు కొట్టదని నమ్మకం. లెక్క చూద్దాం. నేల మామూలుగా ఉన్నచోట మూడు మీటర్ల పైపు దింపితే సుమారు 30 ఓంలు వస్తుంది. ఎండిన ఎర్రమట్టిలో, రాతినేలలో దానికి మూడింతలు కావొచ్చు, మన వరంగల్ అంతా రాతిమీద ఉన్న ఊరే. కొట్టంలో మోటారు బాడీకి ఫేజు తాకింది. కరెంటు పైపులోంచి నేలలోకి, నేలలోంచి ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తుకి పోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రెండు ఓంలు వేసుకుంటే మొత్తం 32. భాగిస్తే 7 ఆంపియర్లు. ఏడు ఆంపియర్లకు 25 ఆంపియర్ల ఎంసీబీ జన్మలో పడదు. మోటారు బాడీ మీద 215 వోల్టులు అట్లాగే నిలబడి ఉంటాయి, పక్కన బర్రె గొలుసుతో కట్టేసి ఉంటుంది.

సరే, ఇంటి ఎర్తు చాలా బాగుంది, 5 ఓంలే, దాన్ని కేబుల్ మూడో కోరుతో కొట్టానికి తెచ్చి అక్కడి పైపుతో కలిపామనుకోండి. అప్పుడు 36 ఆంపియర్లు పోతాయి. ఆ కరెంటుకు 25 ఆంపియర్ల ఎంసీబీ పడటానికి గంట దాకా పట్టొచ్చు. అంతసేపూ బాడీ మీద 150 వోల్టుల పైన ఉంటుంది. అంటే మంచి ఎర్తు ఉన్నా ఎంసీబీ ఒక్కటే మనిషిని కాపాడలేదు. ఆర్‌సీసీబీ కావాలి, అంటే పోయిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా లేకపోతే లైను ఆపే స్విచ్చు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే, ఎర్తు 30 ఓంలున్నా బాడీ మీద ఒక వోల్టు కూడా ఎక్కకముందే అది పడిపోతుంది.

రెండో కట్టడానికి పెట్టాల్సిన ఏర్పాటు ఇది. ఇంట్లో, కేబుల్ మొదలయ్యేచోట సీ25 రెండు పోల్‌ల ఎంసీబీ (ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ తెంపేది), దానితో 100 లేదా 300 మిల్లీఆంపియర్ల ఎస్ రకం ఆర్‌సీసీబీ, అంటే కాస్త ఆగి పడేది. కొట్టంలో, కేబుల్ వచ్చి దిగేచోట రెండు పోల్‌ల మెయిన్ ఐసోలేటర్ (చేత్తో మొత్తం ఆపే స్విచ్చు), తర్వాత 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, తర్వాత మోటారుకు, మిషనుకు, లైట్లకు వేరువేరు ఎంసీబీలు. కొట్టంలో లోపం వస్తే కొట్టంలోదే పడుతుంది, ఇంట్లో కేబుల్ మొత్తం ఆగదు. రెండు చోట్లా 30వే పెడితే ఏది ముందు పడుతుందో చెప్పలేం, రాత్రి పూట ఇంటికీ కొట్టానికీ తిరగాల్సి వస్తుంది. ఆర్‌సీసీబీ లోడు ఎక్కువైతే పడదు, షార్టుకు పడదు. దానికి ఎంసీబీ తోడు ఉండాల్సిందే.

కొట్టం బాక్సులో న్యూట్రల్ తీగలు బిగించే బారు వేరు, ఎర్తు తీగలు బిగించే బారు వేరు. రెండింటినీ ఎప్పుడూ కలపొద్దు. కలిపితే ఆర్‌సీసీబీ నిలబడదు, పదేపదే పడిపోతుంది. నిలబడట్లేదని దాన్ని తీసేస్తారు. తర్వాత ఎప్పుడో ఇంటి నుంచి వచ్చే న్యూట్రల్ తెగుతుంది, లైట్ల గుండా వచ్చిన ఫేజు ఆ కలయిక దగ్గర అన్ని ఇనుప బాడీల మీదికి ఎక్కుతుంది. ఇంతకంటే చెడ్డ అలవాటు ఇంకోటుంది: ఒక్క ఫేజు తీగే లాగి, అక్కడ రాడ్డు దింపి దాన్నే న్యూట్రల్‌గా వాడటం. రాడ్డు 20 ఓంలు, వెయ్యి వాట్ల హీటరు పెట్టారనుకోండి. రాడ్డు మీద 60 వోల్టుల పైన నిలుస్తుంది. ఏ లోపమూ లేకుండానే. పశువుకి ముందుకాళ్లకీ వెనకకాళ్లకీ మధ్య దూరం ఎక్కువ, కాళ్ల కింద తడి, చెప్పులు లేవు. మనిషికి చురుక్కుమనే వోల్టేజీ బర్రెను పడేస్తుంది. అందుకే పశువుల చోట బాడీ మీద ఉండదగ్గ మామూలు 50 వోల్టుల హద్దు కాకుండా 25 లెక్క పెట్టుకుంటారు. కొట్టంలో ఉన్న ఇనుమంతా, నీళ్ల తొట్టి పైపు, కట్టుగొయ్యల పైపులు, రేకుల ఫ్రేము, అన్నీ ఒక జీఐ పట్టీతో కలిపి ఎర్తు బారుకి తేవాలి. బోరు కేసింగు పైపు కూడా.

ఎర్తు గుంత గురించి ఒక్క మాట. పైపు లావు పెంచితే లాభం తక్కువ, లోతు పెంచితే లాభం ఎక్కువ. మూడు మీటర్లు దిగక రాయి తగిలితే ఇంకో గుంత ఆరు మీటర్ల దూరంలో తవ్వి రెండూ కలపండి. గుంత దగ్గర బల్బు పెట్టి, వెలిగింది కదా, ఎర్తు బాగుంది అంటారు. వంద వాట్ల బల్బుకి అర ఆంపియరు కూడా అక్కర్లేదు. ఎర్తు 60 ఓంలున్నా అది వెలుగుతుంది. ఎర్తు టెస్టరుతో చూడాలి, అదీ మే నెలలో నేల ఎండినప్పుడు. ఆర్‌సీసీబీ మీద టెస్టు బటన్ నెలకోసారి నొక్కండి, కానీ అది ఎర్తును పరీక్షించదు. ఎర్తు తీగ అసలు లేకపోయినా ఆ బటన్‌కు అది పడుతుంది.

మీటరు సంగతి. వ్యవసాయ బోరు సర్వీసు నుంచి ఇంటికో కొట్టానికో లైను లాగొద్దు. ఒక పనికిచ్చిన కరెంటు ఇంకో పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద కేసు రాస్తారు, రెండింతల రేటుతో వసూలు చేస్తారు. వెనక గది కొట్టుకో దుకాణానికో ఇస్తే అది ఇంటి కేటగిరీ కాదు, వేరే సర్వీసు తీసుకోవాలి. ఒకే జాగలో రెండు మీటర్లుంటే రెండింటి న్యూట్రల్‌లు కలవొద్దు. ఒక గదిలోకి రెండు సర్వీసులూ రానియ్యొద్దు. అవి వేరువేరు ఫేజులైతే ఒకే గోడ మీది రెండు స్విచ్చుల మధ్య 400 వోల్టులు ఉంటాయి.

జనరేటరు పెడితే ఫేజూ న్యూట్రలూ రెండూ తెగే చేంజోవర్ స్విచ్చు తప్పనిసరి. లేకపోతే మీ జనరేటరు కరెంటు వీధి లైన్లోకి ఎక్కి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ చేతికి తగులుతుంది. సీసీ కెమెరాకి ఇంటి నుంచి కొట్టానికి ఇంటర్నెట్ కేబుల్ లాగేవాళ్లు రాగిది కాకుండా ఫైబర్ వేయండి, పిడుగు పడ్డప్పుడు రెండు చోట్ల పరికరాలూ పోవు.

(సభలో ఒకరు: సార్, ఆర్‌సీసీబీ పెట్టించినం. ఎండాకాలం బాగనే ఉంది. వాన పడ్డదంటే చాలు, ఊరికె పడిపోతంది. తీసేసి డైరెక్టు ఇయ్యమంటున్నడు పనాయన. ఏం చెయ్యాలె?)

తీసెయ్యొద్దన్నా. ఊరికె పడుతలేదది. ఎక్కడో కరెంటు నేలలోకి పోతోంది, వాన దాన్ని బయటపెడుతోంది. ఇట్లా వెతకండి. కొట్టంలో ఎంసీబీలన్నీ దించి ఆర్‌సీసీబీ ఎక్కించండి. నిలబడితే ఒక్కొక్కటే ఎక్కించండి, ఏది ఎక్కించగానే పడిందో లోపం ఆ లైన్లో ఉంది. అన్నీ దించినా పడుతోందంటే కంగారు పడొద్దు. ఒక పోల్ ఎంసీబీ ఫేజును మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్‌ను తెంపదు. ఎక్కడో న్యూట్రల్ ఎర్తుకు తాకిందని అర్థం. అప్పుడు న్యూట్రల్ బారు నుంచి ఒక్కో నల్ల తీగ విడదీస్తూ చూడాలి, మెయిన్ ఆపిన తర్వాతే. మన దగ్గర ఎక్కువగా దొరికేవి మూడే: గోడ మీద తడిసిన జంక్షన్ బాక్సు, ఎలుక కొరికిన లైటు వైరు, బోరు మోటారు. బోరు మోటారు వైరును స్టార్టర్ దగ్గర విప్పి 500 వోల్టుల మెగ్గర్‌తో, అంటే తీగ తొడుగు కరెంటును ఎంత ఆపుతుందో కొలిచే మీటరుతో చూడండి. ఒక మెగాఓం కంటే తక్కువ చూపిస్తే కేబుల్ జాయింటులోనో వైండింగులోనో నీళ్లు చేరినట్టే. మోటారు పైకి తీయించాల్సిందే. అప్పటిదాకా ఆ లైను ఎంసీబీ దించి, తీగ విప్పి టేపు చుట్టి ఉంచండి. మిగతా కొట్టం నడుస్తుంది.